కొండ దిగిన కరెంటుకు కొలత



మన ఇళ్ళలో కొలతలకు తక్కువేమీ లేదు. మా అమ్మమ్మ కాలంలో బియ్యానికి కుంచం, అడ్డ, మానిక ఉండేవి. పాలకూ నూనెకూ తవ్వ, సోల, గిద్ద ఉండేవి. కిలోలూ లీటర్లూ వచ్చి అరవై ఏళ్ళు దాటినా శ్రీకాకుళం పల్లెల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ అడ్డెడు బియ్యం, సోలెడు పాలు అంటూనే ఉంటారు. కంటికి కనిపించే సరుకును కొలవడం సులువు. నిండిందో లేదో మనమే చూస్తాం, తగ్గితే గదమాయిస్తాం. కాని నెలనెలా వందలు, వేసవిలో అయితే వేలు పోసి కొంటున్న సరుకు ఒకటుంది. దాన్ని చూడలేం, ముట్టుకుంటే ప్రాణం దక్కదు, డబ్బాలో పోసి దాచుకుందామంటే కుదరదు. అదే కరెంటు. ఎవరో కొలిచి చీటీ చేతిలో పెడితే నోరెత్తకుండా కట్టేస్తున్నాం.

మీటరు గోడ మీదే ఉంది గదా, ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంది గదా అంటారు మీరు. నిజమే. అది చిల్లర కొట్లో తక్కెడ వంటిది. నేనివాళ చెప్పబోయేది టోకు బేరం సంగతి. కొండల్లో పుట్టిన కరెంటు ఊళ్ళూ వాగులూ దాటి విజయనగరానికీ శ్రీకాకుళానికీ వచ్చేలోపల ఎన్నో చేతులు మారుతుంది. చేయి మారిన ప్రతిచోటా ఎంత ఇచ్చావు, ఎంత పుచ్చుకున్నాను అన్న లెక్క ఉండాలి. లక్ష వోల్టులు దాటిన ఆ తీగల మీద లెక్క ఎలా కట్టారు, ఆ లెక్క వల్ల ఎవరికేం ఒరిగింది, ఎవరికి ఒరగలేదు అన్నది కూడా మన ప్రాంతపు చరిత్రే.

మనవరకూ ఈ కథను మాచ్‌ఖండ్ దగ్గర మొదలుపెట్టాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా కోరాపుట్, జయపురం ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోదే. పర్లాకిమిడి గంజాం జిల్లాలోది. గీత గీసేసరికి ఒకే ఇంటి అన్నదమ్ములు పెరట్లో గోడ కట్టుకున్నట్టయింది. పిల్లనిచ్చిన ఊరు ఆ పక్క, తెచ్చుకున్న ఊరు ఈ పక్క. మాచ్‌ఖండ్ నది, దాని మీది డుడుమ జలపాతం సరిగ్గా ఆ గోడ మీద పడ్డాయి. నూటయాభై మీటర్లకు పైన ఎత్తు నుంచి దూకే నీళ్ళవి. గోడ మీద కాసిన కాయ ఎవరిది? ఆ తగువు రాకుండా అప్పటి మద్రాసు ప్రభుత్వం, ఒరిస్సా ప్రభుత్వం 1940లలోనే కూచుని ఒప్పందం రాసుకున్నాయి. కలిసి కట్టాలి, కలిసి పంచుకోవాలి. మొదట్లో వాటా నూటికి డెబ్భై మన వైపుకు, ముప్ఫై ఒరిస్సాకు.

పైన జలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టారు. ఒనకడిల్లి దగ్గర లోయ అడుగున పవర్‌హౌస్ కట్టారు. అక్కడికి దిగాలంటే పట్టాల మీద తాడు పట్టి దించే వించ్ బండి ఎక్కాలి. చూసి వచ్చినవాళ్ళు చెబుతూంటేనే నాకు కడుపులో తిప్పింది. ఈ లోపల 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు వాటా ఆంధ్రకు వచ్చింది. 1955 ఆగస్టులో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభోత్సవం చేశారు. 1959 నాటికి మొత్తం ఆరు యంత్రాలూ తిరిగాయి. మూడు 17 మెగావాట్లవి, మూడు అంతకంటే కాస్త పెద్దవి, అన్నీ కలిపి దరిదాపు 115 మెగావాట్లు. ఇవాళ్టి లెక్కలో ఇది చిన్నదే. ఆనాడు మాత్రం కిరసనాయిలు బుడ్డీలూ పెట్రోమాక్సులూ తప్ప ఎరగని మన పల్లెలకు అదే పెద్ద వరం. 132 కిలోవోల్టుల లైన్ల మీద ఆ కరెంటు కొండ దిగి మైదానానికి వచ్చింది. రైసు మిల్లులు మోటార్లకు మారాయి. గరివిడిలో ఇనుముతో మాంగనీసు కలిపి కరిగించే ఫెర్రో ఎల్లాయిస్ కొలిమి వెలిసింది. టన్ను లోహానికి వేల యూనిట్లు మింగే కొలిమి అది.

ఇక్కడ కాస్త ఆగి కొలత సంగతి చూద్దాం. మెగావాటు అన్నా, యూనిట్ అన్నా కంగారు పడకండి. డాబా మీద నీళ్ళ ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కుళాయిలో నీళ్ళు అంత జోరుగా వస్తాయి. ఆ ఎత్తు వంటిది వోల్టు. గొట్టంలో పారే నీళ్ళ మోతాదు వంటిది ఆంపియరు. జోరునూ మోతాదునూ గుణిస్తే ఆ క్షణాన ఎంత శక్తి పారుతున్నదో తెలుస్తుంది, అది వాటు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఆగకుండా గంటసేపు కాలితే ఖర్చయ్యేది ఒక యూనిట్. వాటు వేగం, యూనిట్ మొత్తం. బస్సు గంటకు నలభై కిలోమీటర్ల మీద పోతూందనటం వేరు, విజయనగరం నుంచి శ్రీకాకుళం దాకా ఇన్ని కిలోమీటర్లు వచ్చామనటం వేరు. ఈ రెంటినీ కలిపేసి "మా ఇంట్లో నెలకు మూడు వందల వాట్లు కాలింది" అనేవాళ్ళు చదువుకున్న మగవాళ్ళలోనూ ఉన్నారు. ఈసారి వింటే దిద్దండి.

132 కిలోవోల్టుల లైను మీద నూరు ఆంపియర్లు పోతున్నాయనుకోండి. మూడు తీగల లైను కాబట్టి ఒక చిన్న గుణకారం ఉంటుంది. చివరికి తేలేది గంటకు ఇరవై వేల యూనిట్లకు పైమాట. నెలకు రెండు వందల యూనిట్లు వాడే మధ్యతరగతి ఇళ్ళు నూరు తీసుకుంటే, ఆ నూరిళ్ళూ నెల పొడుగునా వాడేది ఆ తీగ మీద ఒక్క గంటలో పారిపోతుందన్నమాట.

అన్నట్టు, ఇంతంత వోల్టేజీ ఎందుకు, పిల్లలకూ పశువులకూ ప్రమాదం గదా అని అడుగుతారు. తీగలో ప్రవాహం పెరిగినకొద్దీ తీగ వేడెక్కి కరెంటు దారిలోనే ఆవిరైపోతుంది. వోల్టేజీని రెండింతలు చేస్తే అదే శక్తికి సగం ప్రవాహం చాలు. అప్పుడు దారిలో పోయేది నాలుగో వంతుకు దిగుతుంది. అంత దూరం కొండలు దాటి రావాలంటే వేరే మార్గం లేదు.

మరి కరెంటును కొలవడం ఎవరు నేర్పారు? మొదట్లో దొరలకే తెలియదు. అమెరికాలో ఎడిసన్ 1882లో న్యూయార్కు వీధుల్లో కరెంటు అమ్మకం పెట్టాడు గాని మీటరు దగ్గర తికమకపడ్డాడు. చివరకు ఒక గాజు జాడీలో తుత్తునాగం కలిసిన ద్రావకం పోసి అందులో రెండు తుత్తునాగపు పలకలు దించాడు. ఇంట్లో వాడే కరెంటులో కొద్దిపాటి పాయ ఆ జాడీగుండా పోతుంది. పోయినకొద్దీ ఒక పలక అరిగి రెండో పలక మీదికి చేరుతుంది. నెలాఖరుకు కంపెనీ మనిషి వచ్చి పలకలు పట్టుకుపోయి, కంసాలి బంగారం తూచినట్టు తూచి, తరుగును బట్టి బిల్లు రాసేవాడు. చలికాలంలో ద్రావకం గడ్డ కట్టకుండా ఆ పెట్టెలోనే ఒక బల్బు వెలిగించేవారట! వాడుకున్న ఇల్లాలికి ఎంత కాలిందో చూసుకునే దారే లేదు. అదేం కొలత? కొన్నవాడు చూడలేని తక్కెడను నేనైతే తక్కెడ అనను.

తరవాత అటూ ఇటూ ఊగుతూ పారే కరెంటు, అంటే మన ఇళ్ళకు వచ్చే ఏసీ కరెంటు వచ్చింది. దానికి జాడీ మీటరు పనికిరాదు. అరిగిన పలక మరు క్షణమే నిండిపోతుంది. 1888లో షాలెన్‌బర్గర్ అనే ఇంజనీరు వెస్టింగ్‌హౌస్ కంపెనీలో ఒక దీపాన్ని పరీక్షిస్తున్నాడు. అందులోంచి చిన్న స్ప్రింగు జారి పడింది. పడిన చోట దానంతట అది తిరగసాగింది. మరొకరైతే తీసి అవతల పారేద్దురు. అతను ఎందుకు తిరిగింది అని పట్టుకున్నాడు. కొద్ది వారాల్లోనే తిరిగే మీటరు తయారయింది. ఇటలీలో ఫెరారిస్ అనే శాస్త్రవేత్త అయస్కాంత శక్తి అలా గుండ్రంగా తిరిగేలా చెయ్యవచ్చునని అప్పటికే కనిపెట్టి ఉన్నాడు. షాలెన్‌బర్గర్ మీటరు ఆంపియర్లను మాత్రమే లెక్కపెట్టేది. 1889లో బుడాపెస్టులోని గాంజ్ కంపెనీ ఇంజనీరు ఓటో బ్లాతి జోరునూ మోతాదునూ కలిపి, అసలైన యూనిట్లనే లెక్కపెట్టే మీటరు తెచ్చాడు. మొన్న మొన్నటిదాకా మన గోడల మీద నల్ల పెట్టెలో, ఎర్ర గీత ఉన్న అల్యూమినియం పళ్ళెం గిర్రున తిరిగేదే, ఆ పళ్ళెం మీటరు వంశం ఇదే. నా చిన్నతనంలో ఇస్త్రీపెట్టె పెడితే పళ్ళెం ఎంత జోరుగా తిరుగుతుందో చూడటం మాకు ఒక ఆట. ఇప్పటి పిల్లలకు అంకెలే గాని ఆ పళ్ళెం దర్శనం లేదు.

సరే, ఇంటి మీటరు సంగతి అది. లక్షా ముప్ఫై రెండు వేల వోల్టుల తీగకు ఆ పళ్ళెం మీటరు తగిలిస్తే ఏమవుతుంది? మీటరూ ఉండదు, తగిలించినవాడూ ఉండడు. ఇక్కడే మన వంటింటి తెలివి పనికొస్తుంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి గంజిలో చెయ్యి పెడతామా? ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలు. సబ్‌స్టేషన్‌లో పింగాణీ గాజుల దొంతరలా నిలబడ్డ స్తంభాలు చూసే ఉంటారు. వాటిలో కొన్నిటి పని ఆ మెతుకు పట్టుకోవడమే. వాటిని సీటీ, పీటీ అంటారు. పీటీ 1,32,000 వోల్టులను 110 వోల్టులకు దించి చూపిస్తుంది, అంటే పన్నెండు వందల్లో ఒకటో వంతు. సీటీ రెండు వందల ఆంపియర్లను అయిదు ఆంపియర్లుగా చూపిస్తుంది, నలభయ్యో వంతు. మీటరు ఈ మెతుకునే కొలుస్తుంది. తరవాత దాన్ని పన్నెండు వందలతో, మళ్ళీ నలభైతో గుణించాలి. అంటే అక్కడి మీటరులో ఒక్క యూనిట్ తిరిగిందంటే తీగ మీద 48 వేల యూనిట్లు పోయాయన్నమాట. నూరు ఆంపియర్లు పారుతున్నా ఆ మీటరు గంటకు అర యూనిట్ కూడా తిరగదు.

మెతుకు చూసి కుండ సంగతి చెప్పేటప్పుడు మెతుకు సరైనదై ఉండాలి. పొయ్యికి దగ్గర మెతుకు పట్టుకుంటే ఉడికినట్టే ఉంటుంది, పైన పలుకు మిగిలిపోతుంది. ఆ లైను మీటరు నూటికి అర వంతు తప్పు చూపిందనుకోండి, రోజుకు రెండున్నర వేల యూనిట్లు లెక్కలోకి రావు. ఏడాదికి తొమ్మిది లక్షలు. అందుకని పెద్ద లైన్ల మీద ఇప్పుడు నూటికి 0.2 వంతు మించి తప్పరాదన్న తరగతి మీటర్లు పెడతారు. ఒకటి కాదు, పక్కనే ఇంకొకటి కూడా ఉంటుంది. మొదటిది అసలు మీటరు, రెండోది సాక్షి మీటరు. రెండూ వేర్వేరు కబుర్లు చెబితే తనిఖీ చేస్తారు. మూడు తీగలకు కట్టిన సీటీలలో ఒకదానికి తీగలు తిరగేసి బిగించారంటే ఇంకా విడ్డూరం. ముగ్గురు తోడికోడళ్ళు గోలెంలో నీళ్ళు పోస్తున్నారనుకోండి. అందులో ఒకరు పోయటానికి బదులు చెంబుతో తోడేస్తుంటే ఏమవుతుంది? ఇద్దరు పోసిన దానిలో ఒకరిది పోయి, మిగిలేది ఒకరిదే. మీటరు కూడా మూడు వంతులు పారితే ఒక్క వంతే చూపిస్తుంది. యంత్రం చెడదు, దీపం ఆరదు, ఎవరికీ అనుమానం రాదు. లెక్క మాత్రం మునుగుతుంది.

ఇంకొక చిక్కుంది. పాల మనిషి చెంబు ఎత్తి పైనుంచి పోస్తే గిన్నె నిండా నురుగు కనిపిస్తుంది. గిన్నె నిండినట్టే, పాలు మాత్రం కింద ఉంటాయి. మోటార్లు, పాతకాలపు ట్యూబులైట్ల చోకులు, కొలిముల ట్రాన్స్‌ఫార్మర్లు తీగలో ఇలాంటి నురుగు లేపుతాయి. తీగలో ఆంపియర్లు నిండుగా ఉంటాయి గాని పని చేసేది అందులో ఎనభై, తొంభై వంతులే. ఈ వంతునే పవర్ ఫ్యాక్టర్ అంటారు. ఆంపియర్లను మాత్రమే లెక్కపెట్టే మీటరుకు నురుగూ పాలూ ఒకటే. అసలైన మీటరు పాలనే కొలవాలి. అయితే నురుగు మోయటానికీ తీగ కావాలి గదా, అంచేత జనపనార మిల్లులకు, ఫ్యాక్టరీలకు నురుగును కూడా లెక్కగట్టి బిల్లు వేస్తారు.

మళ్ళీ మాచ్‌ఖండ్‌కు వద్దాం. రెండు రాష్ట్రాల ఉమ్మడి పొలం గదా, ఎవరి బస్తాలు ఎన్ని అన్నది మీటరు చెప్పవలసిందే. వాటా గురించి ఆ తరవాత మళ్ళీ మళ్ళీ మాటలు నడిచి, చివరకు సగం సగం అన్న దగ్గరికి వచ్చింది. కరెంటు ఒక పక్కకే పారితే పేచీ లేదు. ఉమ్మడి లైన్ల మీద ఇవాళ ఇటు, రేపు అటు పారవచ్చు. అటు పారినప్పుడు మన పళ్ళెం వెనక్కి తిరుగుతుంది. పొద్దున వచ్చిందీ సాయంత్రం పోయిందీ చెల్లుకు చెల్లు అయి, నెలాఖరుకు ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. అందుకు పాతకాలపు ఇంజనీర్లు చక్కని ఉపాయం చేశారు. రెండు మీటర్లు పెట్టి, రెంటికీ వెనక్కి తిరగకుండా పంటి చక్రం బిగించారు. ఒకటి వచ్చేదానికే తిరుగుతుంది, రెండోది పోయేదానికే. పుట్టింటివారి లెక్క ఒక పుస్తకంలో, అత్తింటివారి లెక్క మరో పుస్తకంలో రాసుకున్నట్టు. ఇప్పుడు ఒకే ఎలక్ట్రానిక్ మీటరు రెండు పద్దులూ రాస్తుంది.

ఇంత చక్కగా లెక్క రాసిన చోట రాయని లెక్క ఒకటుంది. జలాపుట్ నీళ్ళ కింద ఊళ్ళు మునిగాయి. వేల గిరిజన కుటుంబాలు పొలమూ పుట్రా వదులుకుని లేచిపోయాయి. వాళ్ళ తల మీదుగా లైన్లు మన పట్నాలకు వచ్చాయి గాని, ఆ కొండ పల్లెల్లో చాలావాటికి ఎన్నో ఏళ్ళు దీపం లేదు. ఏ రాష్ట్రానికి ఎంత పోయిందో అన్నది దశాంశ స్థానాల దాకా తేల్చుకున్నారు. దిగకుండా పోయిన కరెంటును ఏ మీటరు కొలుస్తుంది? ఈ మాట రేడియోలో చదివినప్పుడు, చల్లని సాయంత్రం పూట అదంతా ఎందుకమ్మా అన్నారు ఒకావిడ. ఎందుకంటే మన ఫ్యాన్లు తిరిగింది ఆ నీళ్ళ మీదే గనక.

తరవాతి కథ తొందరగా చెప్పేస్తాను. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది. సీలేరు పవర్‌హౌసులు వచ్చాయి. 1999లో బోర్డు చీలి, కరెంటు తయారుచేసేది ఒక సంస్థ, మోసేది ఒక సంస్థ అయ్యాయి. 2000లో ఇంటింటికీ పంచే సంస్థలు నాలుగు పుట్టాయి. మన రెండు జిల్లాలూ విశాఖలో ఆఫీసు ఉన్న తూర్పు సంస్థ కిందికి వచ్చాయి. చూశారా, మునుపు ఒకే ఇంట్లో వండి వడ్డించుకున్నారు, ఇప్పుడు వండేవారు, మోసేవారు, వడ్డించేవారు వేరు. అంచేత మునుపు అక్కరలేని చోట కూడా ప్రతి గడప దగ్గరా ఒక మీటరు కావలసి వచ్చింది.

1990లలో ఫ్యాన్లు నీరసంగా తిరిగిన రోజులు మీకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. తేరు లాగేటప్పుడు లాగేవారు తక్కువై బరువెక్కువైతే తేరు నెమ్మదిస్తుంది. దక్షిణాది రాష్ట్రాలన్నీ కలిసి లాగే తేరు కూడా అలాగే నెమ్మదించి, సెకనుకు యాభైసార్లు ఊగవలసిన కరెంటు నలభై ఎనిమిది, నలభై ఎనిమిదిన్నర దగ్గర నడిచేది. తన వంతు కంటే ఎక్కువ లాక్కున్న రాష్ట్రం ఏదో నెలాఖరు లెక్కలో తేలేది కాదు. సాయంత్రం ఎక్కువ లాగి, అర్ధరాత్రి తక్కువ లాగితే నెల మొత్తం సరిపోయేది. 2003 జనవరి 1 నుంచి దక్షిణాదికి కొత్త పద్ధతి పెట్టారు. రోజును పదిహేను నిమిషాల ముక్కలు చేశారు. మన పంచాంగంలో రోజుకు అరవై గడియలైతే, వాళ్ళ పంచాంగంలో తొంభై ఆరు. ప్రతి ముక్కలోనూ ముందు చెప్పినదెంత, వాడినదెంత అని ప్రత్యేక మీటర్లు రాస్తాయి. ఆ లెక్క బెంగుళూరులోని కేంద్రానికి పోతుంది. తేరు నెమ్మదించిన వేళ ఎక్కువ లాగితే ఎక్కువ ధర. కొద్దికాలంలోనే ఫ్రీక్వెన్సీ దారికి వచ్చింది. ప్రసంగాలతో రాని క్రమశిక్షణ పదిహేను నిమిషాల పద్దుతో వచ్చింది.

గాజువాక సంగతి చెప్పకపోతే మన వైపు కథ పూర్తికాదు. దక్షిణాది తేరు ఒక లయలో, తూర్పు రాష్ట్రాల తేరు మరో లయలో నడిచేవి. రెండు తాళ్ళను నేరుగా ముడివేస్తే రెండూ పడతాయి. అంచేత గాజువాకలో 1999లో ఒకటి, 2005లో మరొకటి, ఒక్కొక్కటి 500 మెగావాట్ల ఏర్పాట్లు పెట్టారు. ఒరిస్సాలోని జయపురం నుంచి వచ్చే కరెంటును ముందు ఒకే దిక్కున పారే డీసీ చేసి, వెంటనే మన లయకు తగిన ఏసీగా మార్చి ఇస్తారు. రెండు కాలవల మధ్య లాకు వంటిది. ఎంత వదలాలో అంతే వదులుతారు. దాని విలువ 2012 జూలై 31న తెలిసింది. ఉత్తరాది, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కూలి అరవై కోట్లమంది ఉన్న ప్రాంతం చీకటైంది. ఒడిశా కూడా అందులోదే. దక్షిణాది గ్రిడ్ మాత్రం నిలబడింది. సరిహద్దుకు ఈవల ఇచ్ఛాపురం గ్రిడ్ వేరు, ఆవల బరంపురం గ్రిడ్ వేరు. లాకు గట్టిగా ఉండబట్టి ఆ కష్టం ఇటు పాకలేదు. 2013 డిసెంబరు 31న షోలాపూరు, రాయచూరు మధ్య లైనుతో దేశమంతా ఒకే లయలోకి వచ్చింది. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనే 765 కిలోవోల్టుల సబ్‌స్టేషన్ ఉంది. ఒడిశాలోని అంగుల్ నుంచి వచ్చిన లైను దాని మీదుగా గోదావరి పక్క వేమగిరికి పోతుంది. 132తో మొదలై ఎక్కడికి వచ్చామో చూడండి.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కరెంటు పంపకం ఎలా చేశారో తెలుసునా? జనాభా చూడలేదు, అంతకు ముందు అయిదేళ్ళ వాడకం చూశారు. తెలంగాణకు నూటికి 53.89, మనకు 46.11. ఆ అంకెలన్నీ మీటర్లు చెప్పినవే. అదే సంవత్సరం అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు వచ్చి స్తంభాలను వేలకు వేలు పడగొట్టాయి. తిత్లీ తరవాత ఉద్దానంలో కొబ్బరి చెట్లూ కరెంటు స్తంభాలూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మా దగ్గరి బంధువుల ఊళ్ళో మోటార్లు లేక మంచినీళ్ళకు చేద బావే గతి అయింది, ఎప్పుడో పూడ్చేద్దామనుకున్న బావి.

కొలత అంటే అందరికీ ఇష్టమేమీ కాదు. వ్యవసాయ మోటార్లకు 1980లలో మీటర్లు మానేసి గుర్రపు శక్తిని బట్టి ఇంత అని వసూలు చేశారు. 2004లో ఉచితం చేశారు. అప్పటినుంచి పొలాల్లో ఎంత కాలుతున్నదీ అంచనాయే గాని కొలత కాదు. పంపినదానికీ బిల్లయినదానికీ మధ్య తేడాలో రైతు వాడినదెంత, దారిలో పోయినదెంత, దొంగలు లాగినదెంత అని ఎవరికి తోచినట్టు వారు చెప్పుకునే వీలుంది. 2020లో ప్రభుత్వం ఉచితం ఉచితమే, డబ్బు రైతు ఖాతాలో వేస్తాం, మీటరు మాత్రం పెడతాం అని, ప్రయోగానికి మన శ్రీకాకుళం జిల్లానే ఎంచుకుంది. పాతిక వేలకు పైగా కనెక్షన్లకు మీటర్లు బిగించారు. వాడకం అంచనా కంటే బాగా తక్కువని తేలిందని, బోలెడు మిగిలిందని ప్రభుత్వం చెప్పింది. రైతు సంఘాలు నమ్మలేదు. మాకు పాలు పోసే ఆమె భర్తకు రెండెకరాలూ ఒక మోటారూ ఉన్నాయి. "మీటరెట్టినోడు రేపు బిల్లెట్టకుంతాడేటమ్మా?" అని ఆమె అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను. కొలిస్తే దొంగ లెక్కలు బయటపడతాయన్నది నిజం. కొలిచినవాడు ఎప్పుడో ఒకప్పుడు ధర కడతాడన్న భయం కూడా అనుభవం మీద పుట్టినదే. ఆమె తన పాలను మా గిన్నెలో కొలిచి పోస్తుంది, నురుగు దిగేదాకా ఆగుతుంది కూడా. కొలత మీద ఆమెకు కోపం లేదు, కొలిచేవాడి మీదే అనుమానం.

ఇప్పుడు ఈ రెండు దిక్కుల మీటరు మన గుమ్మంలోకే వస్తోంది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఇంటి పైకప్పు మీద సౌర పలకలకు సబ్సిడీ పథకం పెట్టాక, విజయనగరం వీధుల్లో డాబాల మీద నల్ల పలకలు కనిపిస్తున్నాయి. పలకలు పెట్టించుకున్నవాళ్ళ పాత మీటరు తీసేసి నెట్ మీటరు పెడతారు. మధ్యాహ్నం ఎండ కాస్తుండగా ఇంట్లో వాడకం తక్కువైతే మిగిలిన కరెంటు వీధి తీగలోకి పోతుంది, రాత్రి తిరిగి వస్తుంది. బిల్లులో ఇంపోర్టు అని ఒక అంకె, ఎక్స్‌పోర్టు అని ఒక అంకె ఉంటాయి. మొదటిది పుచ్చుకున్నది, రెండోది ఇచ్చినది. బిల్లు వచ్చిన రోజున ఆ రెండు అంకెలూ మీటరు మీది అంకెలతో సరిపోయాయో లేదో ఒక కాగితం మీద రాసుకోండి, కిందటి నెలవి తీసివేసి చూడండి. మాచ్‌ఖండ్ లైన్ల మీద రెండు రాష్ట్రాలు చేసుకున్న తీసివేత అదే. మిక్సీ, వాషింగ్ మెషీను మధ్యాహ్నం పూట వేసుకుంటే ఎక్స్‌పోర్టు అంకె కాస్త తగ్గుతుంది, రాత్రి ఇంపోర్టు కూడా అంతే తగ్గుతుంది.